లెక్కకు రాని కొసరు

ఏప్రిల్ నెల, మంగళవారం పొద్దున్న. సోల్‌మే బజారులో నా ఎండు చేపల కొట్టు. చేతిలో కాగితాలతో బల్ల ముందు నిలబడ్డవాడు ప్యో జెహా, ఆర్థికవేత్త.

“మళ్లీ చదువు. ఈసారి గట్టిగా చదువు, పక్క కొట్టువాళ్లక్కూడా వినబడాలి.”

“పిన్నిగారూ, ఇప్పటికి రెండుసార్లు చదివాను.”

“మూడోసారి చదివితే కాగితం అరిగిపోతుందా?”

“‘సోల్‌మే బజారులో సరుకుల ధరలు, నాలుగు రోడ్ల దగ్గరున్న మార్టు ధరలకంటే సగటున తొమ్మిది శాతం ఎక్కువ.’”

“అబద్ధం.”

“అబద్ధం కాదండీ, సగటు.”

“రెండూ చుట్టాలే. తర్వాతేముంది?”

“‘నెలకు రెండు ఆదివారాలు మార్టును మూయించడం వల్ల బజారుకు నిలకడైన మేలు జరిగినట్టు ఆధారం దొరకలేదు.’”

“అంటే ఇది చూసి శుక్రవారం నగరసభవాళ్లు చెయ్యెత్తుతారు. మార్టువాడు ఆ రెండు ఆదివారాలు కూడా తలుపులు తీసుకుంటాడు. నేను తలుపులు వేసుకుంటాను. అంతేనా?”

“అలా అని మేం ఎక్కడా రాయలేదు.”

“రాయక్కర్లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ బల్ల వెనక కూర్చున్నాను. మార్టు వచ్చాక నాకు నెల గడిచేది ఆ రెండు ఆదివారాల మీదే. ఈ నెలాఖరుకి కొట్టు అద్దె ఒప్పందం మళ్లీ రాయాలి. ఆదివారాలుంటే రాస్తాను. లేకపోతే బల్ల కడిగేసి ఇంటికి పోతాను. నీ నాలుగు పేజీల కింద నా బల్ల పడి ఉంది, తెలుసా?”

“తెలుసండీ. అందుకే అచ్చుకు ముందు మీ వర్తక సంఘానికి పంపాం, తప్పుంటే చెప్పమని. రేపు సాయంత్రం దాకా గడువుంది.”

“మార్టుకీ పంపారా?”

“పంపాం.”

“వాళ్లేమన్నారు?”

“చాలా చక్కగా ఉంది అన్నారు.”

“అనక! గెలిచినవాడు తూకం తప్పంటాడా? సరే, కూర్చో. ఇదుగో, కాఫీ తాగు.”

“వద్దండీ.”

“విషం కలపలేదు. పొడి, వేణ్ణీళ్లు, అంతే.”

“అది కాదు. మా నియమం. పని నడుస్తున్నంతకాలం ఎవరి దగ్గరా ఏదీ ఉచితంగా పుచ్చుకోకూడదు.”

“కాగితం కప్పులో కాఫీ కూడానా?”

“కాగితం కప్పులో కాఫీ కూడా.”

“మార్టువాళ్లిస్తే?”

“వాళ్లు భోజనానికి రమ్మన్నారు. వెళ్లలేదు.”

“ఏం భోజనం?”

“అడగలేదండీ.”

“అడగాల్సింది. నీ ఖరీదు ఎంత కట్టారో తెలిసేది. మరి నగరసభ వాళ్లిస్తే?”

“అదీ పుచ్చుకోం.”

“గాలి తిని బతుకుతారా మీ గుంపు? ఎవరు పోషిస్తారు?”

“సభ్యులం చందాలు కడతాం. కొన్ని విశ్వవిద్యాలయాలు, రెండు మూడు ధర్మనిధులు ఇస్తాయి. అదీ, ఏం రాయాలో మాకు చెప్పబోమని మాటిస్తేనే. నేను బుసాన్‌లో పాఠాలు చెప్పుకుంటాను. ఒకావిడ తైపేలో ఉంటుంది, ఒకాయన ఒసాకాలో. ఇలా చాలామందిమి. ఎవరి పని వాళ్లది. ఒకరు రాసింది ఇంకొకరు చదివి తప్పులు పడతారు. తప్పులు తేలాకే బయటికొస్తుంది.”

“బాగుంది. ఇంతకీ ఈ గుంపు ఉద్దేశం ఏమిటి? ఆదివారాలు ఉంచమనా, తీసేయమనా?”

“మా నెట్‌వర్క్‌కి ఉద్దేశం ఉండదండీ. రాసినవాడికి ఉంటే వాడు తన పేరు మీద చెప్పుకుంటాడు.”

“అంటే గుంపుకి నోరు లేదు.”

“లేదు.”

“మరి నగరసభ ఆ నోరులేనిదాని మాటే ఎందుకు వింటుంది? మేం సంఘం తరఫున మైకు పెట్టి అరిచినా వినరే!”

“మీరు మీకోసం అరుస్తారని వాళ్లకి తెలుసు. మార్టు తనకోసం అరుస్తుందనీ తెలుసు. మేం ఎవరి దగ్గరా కాఫీ తాగం. అందుకని.”

“ఓహో. కాఫీ తాగకపోతే మాట చెల్లుతుందన్నమాట. ముప్ఫై ఏళ్లు అనవసరంగా తాగాను.”

“పిన్నిగారూ, గడువు రేపే. తప్పు ఎక్కడుందో...”

“పడతాను, తప్పు పడతాను, తొందరపడకు. ఈ ధరలు కనుక్కున్నదెవరు?”

“నేనే. ఫిబ్రవరిలో మూడు మంగళవారాలు వచ్చాను. అరవై మూడు కొట్లలోనూ కొన్నాను. మీకు గుర్తుండదు.”

“గుర్తుండకేం! నీలం టోపీ. సంచీలో సొంత కాటా.”

“టోపీ కూడా గుర్తుందా!”

“టోపీ కాదు, నువ్వు చేసిన పని గుర్తుంది. మొహాన కొట్టినట్టు చేశావు.”

“నేనా? ఏం చేశాను?”

“అర కిలో నెత్తళ్లు అడిగావు. తూచాను. పైన గుప్పెడు కొసరు వేశాను. నువ్వేం చేశావు?”

“అదీ...”

“చెప్పు, చెప్పు.”

“కొసరు తీసి మళ్లీ మీ బుట్టలో పోశాను.”

“ఎందుకు?”

“ఉచితంగా ఏదీ...”

“ఊఁ?”

“ఉచితంగా ఏదీ పుచ్చుకోకూడదు కదా. నియమం.”

“ఊఁ. ఆ తర్వాత నీ కాటా మీద పెట్టి తూచావు. కాగితం మీద రాసుకున్నావు. ఏమని?”

“‘తాక్ మల్‌సున్ కొట్టు, నెత్తళ్లు, అయిదువందల గ్రాములు, పన్నెండు వేల వోన్లు’ అని.”

“గుప్పెడు తీసేశాక తూచావు.”

“...తీసేశాకే.”

“కిమ్చీ కొట్టులో?”

“ఒక ముల్లంగి ముక్క ఎక్కువేశారు. తిరిగిచ్చేశాను.”

“టోఫు కొట్టులో?”

“సోయా మొలకలు.”

“ఇచ్చేశావు.”

“ఇచ్చేశాను.”

“గుడ్ల కొట్టులో?”

“పదింటికి పదకొండిచ్చారు. ఒకటి ఇచ్చేశాను. ఆవిడ కొంచెం బాధపడినట్టుంది.”

“కొంచెమా! ఆ మూడు మంగళవారాలూ సాయంత్రం బజారంతా నీ గురించే. అరవై మూడు కొట్ల కొసరు వెనక్కి కొట్టిన మగాడు పుట్టాడురా అని. మన చేతులు వాడికి మురికిగా కనబడ్డాయేమో అని.”

“అయ్యో, అది కాదండీ, నేను...”

“మార్టులో అర కిలో నెత్తళ్లు ఎంత?”

“పదకొండు వేలు.”

“మార్టులో ఆ డబ్బు తీసుకునే యంత్రం ఉందే, అది గుప్పెడు వేస్తుందా?”

“వేయదు.”

“మరి నా పన్నెండు వేలకి వచ్చేది అర కిలో కాదు. అర కిలో, ఒక గుప్పెడు. ఆ గుప్పెడు నీ నియమం మింగేసింది.”

“...పిన్నిగారూ, ఒక్క నిమిషం ఇక్కడ కూర్చోవచ్చా?”

“కూర్చో. స్టూలుకి అద్దె ఇస్తావా, నియమం ఒప్పుకుంటుందా?”

“తైపే ఆవిడ అడిగింది.”

“ఏమని?”

“‘మా బజార్లలో కూరలు కొంటే నాలుగు ఉల్లికాడలు ఊరికే పడేస్తారు. మీ దగ్గర అలాంటిదేదైనా ఉంటే లెక్కేశారా?’ అని. నా రాత చదివి తప్పు పట్టాల్సింది ఆవిడే.”

“బుద్ధిమంతురాలు. నువ్వేం జవాబిచ్చావు?”

“వదిలెయ్యండి.”

“చెప్పు.”

“‘సోల్‌మే బజారులో నాకెవరూ ఉల్లికాడలు ఇవ్వలేదు’ అని రాశాను.”

“హయ్యో! నువ్వు పుట్టిందెక్కడ?”

“డేగులో.”

“మీ అమ్మ బజారుకి వెళ్లేది కాదా?”

“వెళ్లేది. నన్నూ తీసుకెళ్లేది. కొసరు దగ్గరికొచ్చేసరికి నన్ను గిల్లేది, ఏడవమని. పిల్లాడు ఏడిస్తే ఇంకో గుప్పెడు పడుతుందని.”

“అంత చదువు ఇంట్లోనే చదివి!”

“నియమాలు చదివాక అది మర్చిపోయాను.”

“కాటా ఉందా ఇప్పుడు?”

“సంచీలో ఉంది.”

“తియ్. జిన్సు వాళ్లమ్మ వస్తోంది. పాతికేళ్ల గిరాకీ. నోరు మూసుకుని చూడు.”

“మల్‌సున్ అక్కా, మధ్యరకం నెత్తళ్లు అర కిలో. ఎవరే ఈ అబ్బాయి, కొత్త అల్లుడా?”

“అల్లుడైతే కాఫీ తాగేవాడు. ఇదుగో జిన్సు అమ్మా, అర కిలో. ఇదుగో నీ గుప్పెడు.”

“దీన్ని గుప్పెడంటారా? నీ చెయ్యి చిక్కిపోయింది అక్కా.”

“ఇదుగో, ఇంకొంచెం. ఇక పో.”

“అమ్మా, ఒక్కసారి ఆ సంచీ ఇస్తారా? తూచి ఇచ్చేస్తాను.”

“నా కొసరు తూస్తాడా! అక్కా, ఈ పిల్లాడికి ఒంట్లో బాగానే ఉందా?”

“ప్రొఫెసరు.”

“ఓ, అలాగా. పాపం. తూచుకో నాయనా, తూచుకో.”

“అయిదువందల ఎనభై.”

“రాసుకో. ఇంకా ఇద్దర్ని చూడు. అల్లం కొట్టాయన వస్తున్నాడు, ఆయన వెనక చర్చి వంటావిడ.”

“...డెబ్బై. ...అరవై. ముగ్గురికీ కలిపి సగటున డెబ్బై గ్రాములు.”

“ఇప్పుడు సగటు మంచిదేనన్నమాట. ధర కట్టు.”

“మార్టులో గ్రాముకి ఇరవై రెండు వోన్లు. మీ దగ్గర... ఇరవై ఒకటి. పిన్నిగారూ, మీరు నాలుగు శాతం చవక!”

“గట్టిగా చెప్పు. పక్క కొట్టు.”

“నాలుగు శాతం చవక!”

“అదీ గొంతంటే. ఇక ఆ తొమ్మిది కొట్టేసి నాలుగు రాసుకో, ఇంటికి పో. ఏమ్మా, ఏం కావాలి?”

“ఈ నెత్తళ్లు ఎలా ఇస్తున్నారండీ?”

“అర కిలో పన్నెండు వేలమ్మా.”

“ఇవ్వండి. పాపకి అన్నంలోకి వేయిస్తాను.”

“ఇదుగో.”

“ఏమండీ, ఒక్క క్షణం. ఆ సంచీ తూచి ఇస్తాను.”

“త్వరగా కానివ్వండి, బండిలో పాప లేచేట్టుంది.”

“అయిపోయింది. థాంక్సండీ. ...అయిదువందలు.”

“సరిగ్గా తూచాను. ఏమనుకున్నావు నన్ను?”

“సరిగ్గానే తూచారు. కొసరేది?”

“ఈ రొయ్యలు చూడు, నిన్ననే వచ్చాయి.”

“పిన్నిగారూ, ఆ అమ్మాయికి కొసరేది?”

“ముక్కూ మొహం తెలియని పిల్లకి కొసరేమిటి? కొసరంటే చుట్టరికం. ముందు నాలుగుసార్లు రావాలి, నాతో రెండుసార్లు పోట్లాడాలి. ఏం రాస్తున్నావు?”

“సున్నా.”

“సున్నా కూడా రాస్తారా?”

“సున్నాయే ముందు రాస్తాం. ఆగండాగండి. ఫిబ్రవరిలో నేనూ ముక్కూ మొహం తెలియనివాణ్ణే. నాకెందుకు వేశారు?”

“అది వేరు.”

“ఎలా వేరు?”

“కాటా పట్టుకొచ్చావు.”

“అయితే?”

“తూనికల శాఖ మనిషివనుకున్నాం. మొదటి కొట్టు నుంచే కబురొచ్చింది, ‘నీలం టోపీ వస్తున్నాడు, గుప్పిళ్లు నిండుగా వేయండి’ అని.”

“అరవై మూడు కొట్లకీనా?”

“అరవై మూడింటికీ. గుడ్ల కొట్టావిడ ఎందుకు బాధపడిందనుకున్నావు? గుడ్డు వెనక్కిచ్చావు కదా, ఇక కేసు ఖాయమనుకుంది.”

“ఇందాక నేను మీ చేతుల్ని అవమానించానన్నారు!”

“అమ్మేటప్పుడు సరుకు మీద రెండు చుక్కలు నీళ్లు చల్లుతాం. తప్పేముంది?”

“అయితే ఇంకో ప్రశ్న. మార్టు మూసిన ఆదివారాలు ఎవరొస్తారు?”

“జనం.”

“ఏ జనం?”

“జనమంటే జనమే. కాలు పెట్టే చోటుండదు.”

“తెలిసిన మొహాలా?”

“కొన్ని.”

“కొన్నంటే?”

“...ఎక్కువ మార్టు గిరాకీయే. తలుపు మూసి ఉంటే ఇటొస్తారు.”

“వాళ్లకి కొసరు వేస్తారా?”

“ఆ తొక్కిసలాటలో గుప్పిళ్లు ఎవరికి గుర్తుంటాయి?”

“వేస్తారా, వేయరా?”

“నువ్వు నెత్తళ్లు కొనడానికొచ్చావా, నన్ను కొనడానికొచ్చావా?”

“పిన్నిగారూ.”

“వేయం.”

“వాళ్లు మామూలు రోజుల్లో మళ్లీ వస్తారా?”

“మార్టు తెరిచి ఉండగా ఎందుకొస్తారు?”

“నేనూ అదే అడుగుతున్నాను. ఎందుకు రారు? పన్నెండేళ్లుగా నెలకు రెండుసార్లు నగరసభ మార్టు గిరాకీని చెయ్యి పట్టుకుని తెచ్చి మీ బల్ల ముందు నిలబెట్టింది. మీరు వాళ్లకి తొమ్మిది శాతం ఎక్కువ ధర చూపించి పంపేశారు. నాలుగు శాతం తక్కువ ధర వెనక దాచుకున్నారు.”

“వెనక కాదు, గుప్పిట్లో. ...ఇదీ రాస్తావా?”

“రాస్తాను.”

“కొసరు సంగతి రాయి. రెండోది వదిలెయ్.”

“కుదరదండీ.”

“కొసరు చూపించింది నేను. నా సరుకు నా దగ్గరే తీసుకుని, సగం నా నెత్తినే కొడతావా?”

“అందుకే కాఫీ తాగలేదు.”

“...ఇలా ఇవ్వు ఆ కప్పు. నేనే తాగుతాను. చల్లారిపోయింది కూడా.”

“కోపం వచ్చిందా?”

“కోపానికి నాకు తీరికెక్కడిది? ఈ బేరంలో నీకేమొస్తుందో చూస్తున్నా.”

“మొదటి పేజీలో ‘ముందు చెప్పింది తప్పు’ అని నా పేరు కింద పడుతుంది. తైపే ఆవిడ ఉల్లికాడల బొమ్మ పంపిస్తుంది.”

“నీకు నష్టం. నాకు సగం నష్టం. మరి లాభం ఎవరికి?”

“శుక్రవారం చెయ్యెత్తేవాళ్లకి. దేన్ని చూసి ఎత్తుతున్నారో వాళ్లకి తెలుస్తుంది.”

“ఎటు ఎత్తుతారు?”

“తెలియదు.”

“ఊహించు.”

“ఊహకి ఆ నాలుగు పేజీల్లో చోటు లేదు.”

“ఎంత పిసినారివయ్యా! కొసరుగా ఒక్క ఊహయినా వెయ్యి.”

“పోనీ, మీరే లెక్క కట్టండి. కొత్తవాళ్లకి గుప్పెడు వేస్తే మీకెంత పోతుంది?”

“గుప్పెడు నాకు వెయ్యి వోన్లు పడుతుంది. ఆదివారం నలభై మంది కొత్తవాళ్లు. అంటే నలభై వేలు. అందులో నలుగురు పాత గిరాకీగా మారి, నెలకు రెండుసార్లు వస్తే... రెండో నెల దాటేలోపు తిరిగొస్తుంది. ఆ తర్వాతంతా లాభమే.”

“ఇంత తెలిసి పన్నెండేళ్లు ఎందుకు వేయలేదు?”

“నేనొక్కదాన్నే వేస్తే ఏం లాభం? మనిషి నా నెత్తళ్ల కోసం బజారుకి రాడు. గుడ్లూ టోఫూ ముల్లంగీ అన్నీ కావాలి. గుడ్ల కొట్టులో మొహం చిట్లిస్తే, నా గుప్పెడు గంగలో పోసినట్టే. వేస్తే అరవై మూడూ వేయాలి.”

“మీటింగు పెట్టి చెప్పండి.”

“చెప్తే వింటారా? ‘నువ్వు వెయ్యి, నేను చూస్తా’ అంటారు. అందరూ కలిసి వేసింది ఈ ముప్ఫై ఏళ్లలో ఒక్కసారే. నీలం టోపీ వచ్చినప్పుడు.”

“...ఇది రాసుకోవచ్చా?”

“రాసుకో. నా కొనుబడి ధర మాత్రం రాయకు. అవునూ, ఆ పాప తల్లి ఎటు పోయింది?”

“టోఫు కొట్టు దాటింది.”

“ఏమ్మా! ఓ పాప తల్లీ! నిన్నే! నీ గుప్పెడు మర్చిపోయావు, రా!”

“పిన్నిగారూ, నేను సున్నా రాసేశాను!”

“కొట్టెయ్.”

“కొట్టేయకూడదు.”

“అయితే పక్కన రాయి.”

“ఏమని?”

“‘ఆలస్యంగా’ అని.”

•

అక్టోబరు. మార్టు మూసి ఉన్న ఆదివారం. అదే కొట్టు, ఇప్పుడు రెండు బల్లలు.

“రావయ్యా ప్రొఫెసరూ! కాటా ఏదీ?”

“తేలేదండీ. కొనడానికే వచ్చాను. అమ్మ నెత్తళ్లు తెమ్మంది.”

“అలాగే అంటారు. ముందు ఇది చెప్పు, మీ మనిషి ఎవరు?”

“ఏ మనిషి?”

“నంగనాచి కబుర్లు చెప్పకు. నీ కాగితం చదివి నగరసభ ఏం తేల్చింది? ఆదివారాలు ఇంకో ఏడాది ఉంచుతాం, ఈలోగా మీ గుంపు మళ్లీ లెక్క తీయాలి అంది. కొసరుతో సహా. కొత్త గిరాకీతో సహా. చెప్పకుండా, మామూలు మనుషుల్లా వచ్చి. ఆ లెక్క చూసి ఉంచడమో, పీకడమో. అవునా?”

“అవును. ఎప్పుడు తీయాలో, ఎవర్ని పంపాలో మేమే తేల్చుకుంటామన్నాం. వాళ్లు సరేనన్నారు.”

“ఆ ‘ఎవర్ని’ దగ్గరే మా ప్రాణాలు పోతున్నాయి. మీ ఒసాకా ఆయనకి గడ్డముందా?”

“ఎందుకు?”

“మొన్న ఒక గడ్డంవాడొచ్చాడు. అయిదు రకాల ధర అడిగి వంద గ్రాములు కొన్నాడు. వందకి వందా కొసరు వేశాను.”

“ఆయనకి గడ్డం లేదు.”

“చచ్చాం. మరి చంకలో కుక్కతో వచ్చిన ముసలాయన?”

“చెప్పకూడదు పిన్నిగారూ.”

“కుక్కక్కూడా ఒక చేప వేశాను. రసీదు అడిగిన పిల్ల? ఈ బజారు పుట్టాక రసీదు అడిగినవాళ్లు లేరు. గుడ్ల కొట్టావిడ వణికిపోయి పదింటికి పదమూడిచ్చింది.”

“చెప్పకూడదు.”

“అంటే ఆ పిల్లే!”

“చెప్పకూడదని మాత్రమే అన్నాను.”

“సంఘం మీటింగు పెట్టాం. మొహం తెలియని ప్రతి మనిషీ ఆ మనిషే అనుకోవాలని తీర్మానం. అరవై మూడు సంతకాలు. టోఫు కొట్టాయన రెండుసార్లు పెట్టాడు.”

“అయితే కొత్తవాళ్లందరికీ కొసరు వేస్తున్నారా?”

“వేయక చస్తామా? ఆర్నెల్లయింది. మొదటి నెల ఏడుపొచ్చింది. ఇంటికెళ్లి కళ్లు మూసుకుంటే గుప్పిళ్లే కనబడేవి. రెండో నెల ఆ పాప తల్లి మళ్లీ వచ్చింది, అత్తగారితో. మూడో నెల అత్తగారు ఇంకో నలుగురితో. ఇప్పుడు ఉత్త మంగళవారం కూడా రెండో బల్ల వేయాల్సొస్తోంది.”

“అద్దె ఒప్పందం?”

“అప్పుడు ఏడాదికే రాశాను. వచ్చే ఏడు మూడేళ్లకి రాద్దామనుకుంటున్నా. మీ మనిషి దయ.”

“మార్టువాళ్లు ఊరుకున్నారా?”

“నీ కాగితం వాళ్లూ చదివారుగా! కొసరు మొదలెట్టారు. సరిగ్గా డెబ్బై గ్రాములు, ప్లాస్టిక్ సంచీలో, పైన ‘ధర సున్నా’ అని అచ్చేసి.”

“ఎలా ఉందట?”

“జిన్సు అమ్మ రెండు తెచ్చుకుంది. ‘బాగానే ఉంది కానీ అక్కా, ఇంకొంచెం వెయ్యి అనడానికి అక్కడ మనిషే లేడు’ అంది. ఆ ఇంకొంచెం నా దగ్గర వేయించుకుని పోయింది.”

“అర కిలో ఇవ్వండి పిన్నిగారూ. మధ్యరకం.”

“ఇదుగో. ఇదుగో గుప్పెడు. నీ నియమం సెలవులో ఉందా ఇవాళ?”

“ఈ బజారు పని నా చేతిలోంచి తీసేశారు. ఒకసారి తప్పినవాడు అదే చోట మళ్లీ కొలవకూడదట. ఇవాళ నేను ఉత్త గిరాకీని.”

“కొసరు తీసుకుంటావా అయితే?”

“...ఇంకొంచెం వేయండి.”

“ఆహా! మీ అమ్మ గిల్లిన గిల్లుడు వృథా పోలేదు. ఇదుగో. కాఫీ?”

“తాగుతాను.”

“తాగు, తాగు. ఇక నీ మాట చెల్లదు.”

“చెల్లకపోతే మంచిదే. మాట చెల్లనివాడు ఏం చెప్పినా ఫరవాలేదు. కొంచెం ఇటు వంగండి.”

“చెప్పు.”

“ఆ రెండో లెక్కకి నగరసభ డబ్బిస్తానంది. మేం పుచ్చుకోం కదా, వద్దన్నాం. మా సొంత నిధి చేతికొచ్చేది వచ్చే వసంతంలో.”

“అయితే?”

“గడ్డంవాడు, కుక్క ముసలాయన, రసీదు పిల్ల...”

“ఊఁ?”

“ఎవరూ మావాళ్లు కాదు. మేం ఇంతవరకు ఒక్కర్ని కూడా పంపలేదు పిన్నిగారూ.”

“ఈ ముక్క ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. కాఫీ కింద పెట్టకు, పూర్తిగా తాగు. ...ఒసేయ్ గుడ్ల కొట్టూ! టోఫు కొట్టూ! వింటున్నారా? ప్రొఫెసరు నోరు జారాడు! ఆ మనిషి ఇవాళ బజారులోనే ఉన్నాడట, గుప్పిళ్లు నిండుగా వేయండి!”